రెండు కార్బురేటర్లు, ఒక అల్లుడు

మా మామగారి ఇంట్లో నేను పంతొమ్మిదేళ్లుగా మూడే మాటలు మాట్లాడుతున్నాను. అవునండీ, అలాగేనండీ, చాలండీ. మూడోది భోజనాల దగ్గర. దాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకున్న దాఖలా లేదు.

ఇది భయం కాదు, అలవాటు. కరెంటాఫీసులో నాది ఫిర్యాదుల విభాగం. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా జనం వచ్చి నా బల్ల మీద కోపం గుమ్మరించి పోతుంటారు. నేను 'అవునండీ, రాసుకున్నామండీ' అంటాను. నిజంగానే రాసుకుంటాను. పద్దెనిమిది రిజిస్టర్లు నిండాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరినీ కాదనవలసిన అవసరం రాలేదు. అలాంటి మనిషిని పట్టుకుని మా ఆవిడ ఒక నిజం తేల్చుకుని రమ్మంది. అదీ వాళ్ల నాన్న గురించి.

మామగారు ఫ్యాన్ల కంపెనీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. తయారైన ప్రతి ఫ్యానూ ముందు ఆయన ఎదురుగా తిరగాలి. ఆయన కళ్లు మూసుకుని, తల కాస్త వంచి వినేవారు. 'పో' అంటే పెట్టెలోకి. 'ఊఁ' అంటే మళ్లీ వెనక్కి. కంపెనీలో ఆయన్ని చెవి మాస్టారు అనేవారు. రిటైరయ్యాక ఆ పేరు వీధికి పాకింది. మిక్సీలు, నీళ్ల మోటార్లు, కుట్టుమిషన్లు మోసుకొచ్చేవారు. ఆయన స్క్రూడ్రైవరు కొన మోటారుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, "బేరింగు" అనేవారు. బేరింగే అయ్యేది.

ఆ చెవితోనే ఆయన ఒక కారుని కూడా బతికించారు. అరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైన స్పోర్ట్సు కారు. ముదురాకుపచ్చ రంగు. పైకప్పు గుడ్డది, దాన్ని బిగించేలోపు వాన వెలుస్తుంది. కంపెనీ యజమాని కొడుకు ఎప్పుడో దాన్ని గోడకి గుద్ది షెడ్డులో పడేస్తే, పన్నెండేళ్లు అందులో కోళ్లు గుడ్లు పెట్టాయి. మామగారు దాన్ని పాత ఇనుము కింద తెచ్చుకుని తొమ్మిదేళ్లు బాగుచేశారు. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారు. నలుగురూ కలిసి దాన్లో కూర్చున్నది ఒక్కసారే, ఫోటో కోసం. అప్పుడు కారు కదల్లేదు.

సవతి అనడం బాగుండదని మా అత్తగారు దాన్ని అక్కయ్య అంటారు. "అక్కయ్యకి స్నానమైందా? అయితే వచ్చి అన్నం తినండి."

మూడేళ్లకోసారి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో పాత కార్ల వాళ్లంతా కలుస్తారు. ఇక్కడినుంచి పన్నెండు వందల కిలోమీటర్లు. మామగారు ఎప్పుడూ ఒక్కరే వెళ్లొస్తారు. ఈసారి ఆయనకి డెబ్బై నాలుగు. పైగా ఈ ఏడాది కారు గేటుకి రెండుసార్లు రాసుకుంది, ఒక స్కూటరుకి ఒకసారి. కాలింగ్ బెల్లు ఎన్నిసార్లు కొట్టినా తలుపు తియ్యడం లేదు. మా ఆవిడ భయపడి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. చెవి మాస్టారి చెవిని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? టీవీ చప్పుడుకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నా అత్తగారు, "ఆయనకి వార్తలు గట్టిగా చదివితేనే నిజమనిపిస్తాయి" అని వెనకేసుకొచ్చారు.

"ఏవండీ, ఈసారి నాన్నతో మీరు వెళ్లండి" అంది మా ఆవిడ. "నాలుగు రోజులు పక్కన కూర్చుని చూడండి. నడపగలరంటే కారు ఆయనది. లేదంటే తాళం నేను తీసేసుకుంటాను."

"నేనెందుకు? మీ అన్నయ్య ఉన్నాడుగా."

"అన్నయ్య అయితే ముందు తిడతాడు, తర్వాత ఏడుస్తాడు. మీరైతే రెండూ చెయ్యరు."

మెచ్చుకోలు కిందే తీసుకున్నాను. ఈ ఏర్పాటు సంగతి అత్తగారు సాయంత్రానికల్లా మామగారికి చేరవేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నా పళ్లెంలో స్వయంగా నెయ్యి వేశారు. చాలండీ అన్నాను.

బయల్దేరేముందు సామాను దగ్గర గొడవైంది. ఆ కారు డిక్కీలో రెండు దిండ్లు పడతాయి. అందులో ఒక దిండు జాగా పనిముట్ల సంచికి పోతుంది. అత్తగారు మాత్రం లాడ్జి దుప్పటి మీద పరుచుకోడానికి ఒక దుప్పటి, దాని మీద పరుచుకోడానికి ఇంకోటి, మూత ఊడిపోని నీళ్ల డబ్బా, ఊడిపోతే పెట్టుకోడానికి ఇంకో మూత, అన్నీ సర్దారు.

"ఆ ఇనప సామాను తగ్గించండి" అన్నారావిడ.

"ఇది అంగుళాల బండి. దీని నట్లకి అంగుళాల స్పానర్లే కావాలి. దారిలో ఎవడి దగ్గరా దొరకవు. లోకమంతా మిల్లీమీటర్లకి మారిపోయింది."

"మీరొక్కరే మారలేదు."

చివరికి ఇనప సామాను డిక్కీలోకి, దుప్పట్లు నా ఒళ్లోకి వెళ్లాయి.

మొదటి రోజు బాగానే గడిచింది. ఆ కారులో కూర్చుంటే రోడ్డుకి జానెడెత్తున ఉంటాం. లారీ చక్రాల నట్లు కళ్లకి సమానంగా తిరుగుతుంటాయి. మామగారు అరవై దాటనివ్వలేదు. "ఏవంటారు అల్లుడుగారూ, స్పీడు సరిపోతుందా?" అని అడుగుతున్నారు. అవునండీ అంటున్నాను. ఆయన కుడివైపు స్టీరింగు దగ్గర, నేను ఎడమవైపు. కబుర్లు చెప్పారు, అడిగినదానికి జవాబిచ్చారు, నవ్వాల్సినచోట నవ్వారు. ఈ మనిషికి ఏం లోటని మా ఆవిడ నన్ను పంపిందా అనుకున్నాను.

ఆ కారుని నడపడం చిన్న పని. నడిచేలా ఉంచడం పెద్ద పని. రెండు గంటలకోసారి ఆపాలి. రాగి సుత్తితో నాలుగు చక్రాల మధ్యనున్న పెద్ద నట్లమీద ఒక్కో దెబ్బ వెయ్యాలి, వదులైతే చక్రం తన దారిన తాను పోతుంది. రేడియేటరులో నీళ్లు, ఇంజనులో ఆయిలు చూడాలి. రాత్రి కారు కింద పరిచిన వార్తాపత్రిక మీద పొద్దున్నే ఆయిలు చుక్కలు లెక్కపెట్టాలి. ముందువైపు ఐదు చుక్కలు, మధ్యలో మూడు, అది మామూలు. ఆయన రోజూ పేపరు చూస్తారని విన్నాను గానీ, అది ఇదని తెలీదు.

అన్నిటికంటే పెద్ద పని కార్బురేటర్లు. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి పట్టించేది కార్బురేటరు. మామూలు కారుకి ఒకటి చాలు, దీనికి రెండు. ముందుది ముందు రెండు సిలిండర్లకి వండిపెడుతుంది, వెనకది వెనక రెండింటికి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ పీలిస్తే ఇంకోటి అలుగుతుంది. అచ్చంగా తోడికోడళ్ల వ్యవహారం. సమానమో కాదో చూడ్డానికి ఇప్పుడు మీటర్లు వచ్చాయట. మామగారిది రబ్బరు గొట్టం. ఇంజను నడుస్తుండగా ఒక కొన కార్బురేటరు నోటి దగ్గర పెట్టి, రెండో కొన చెవిలో పెట్టుకుంటారు. లోపలికి పోయే గాలి బుస వినపడుతుంది. రెండు బుసలూ ఒక్కలా వినపడేదాకా చిన్న స్క్రూ తిప్పుతారు.

మొదటి రోజు సాయంత్రం లాడ్జి వెనక సిమెంటు ఆవరణలో కారు ఆపాక ఇంజను కొద్దిగా తడబడుతోందని ఆయనకి అనిపించింది. సీటులో కూర్చుంటే నడుముకి తెలుస్తుందన్నారు. బానెట్ ఎత్తి, గొట్టం చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. స్క్రూ తిప్పారు. ముందుది విన్నారు, వెనకది విన్నారు, మళ్లీ తిప్పారు. నాకు కంపెనీలో ఆయన్ని చూస్తున్నట్టే అనిపించింది.

"ఆఁ. రెండూ ఒకటే. ఏవంటారు అల్లుడుగారూ?" గొట్టం నా చేతికిచ్చారు.

విన్నాను. ముందుది నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరిలా ఉంది. వెనకది వేడి టీని సాసర్లో పోసుకుని జుర్రుతున్నట్టుంది.

"అవునండీ" అన్నాను. "ఒకటే."

అబద్ధమని అనుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఫ్యాన్లు విన్న చెవి ఒకటే అంటే, కరెంటాఫీసు చెవి ఎవరు కాదనడానికి? కార్ల భాషలో ఒకటే అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

రెండో రోజు పొద్దుటికి కారు వణకడం మొదలెట్టింది. ఆగినచోటల్లా నా ఒళ్లో దుప్పట్లు వాటంతటవే మడత విప్పుకున్నాయి. మామగారు పెట్రోలుని తిట్టారు. గాల్లో తేమని తిట్టారు. ఆపి స్పార్కు ప్లగ్గులు విప్పితే ముందు రెండూ సున్నంలా తెల్లగా, వెనక రెండూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. వాటిని బట్టకేసి తుడిచి మళ్లీ బిగించారు. మళ్లీ గొట్టం, మళ్లీ స్క్రూ.

"ఇప్పుడు?"

టీ జుర్రడం ఇంకా ఎక్కువైంది.

"ఇప్పుడు ఇంకా ఒకటేనండీ" అన్నాను.

మధ్యాహ్నం ఒక లారీ షెడ్డు దగ్గర నీళ్లకి ఆగాం. అక్కడి మెకానిక్కు లావు కళ్లద్దాలవాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి మామగారి కుడి పక్కన నిలబడి బానెట్లోకి తొంగి చూశాడు.

"రెండు కార్బురేటర్లా? ఒకటి చాలదా దీనికి?" అన్నాడు. మామగారు జవాబివ్వలేదు. వాడు ఒక్క నిమిషం నిలబడి విన్నాడు. గొట్టం లేదు, గిట్టం లేదు. "వెనకది ఎక్కువ లాగేస్తోంది సార్. ఎవరు పెట్టారో గానీ ఘోరంగా పెట్టారు."

మామగారు రేడియేటరు మూత బిగిస్తున్నారు. తల తిప్పలేదు. తర్వాత నన్ను అడిగారు. "ఏవంటున్నాడు?"

"కారు బాగుందంటున్నాడండీ."

మామగారు మెకానిక్కు వైపు తిరిగి నమస్కారం పెట్టారు. మెకానిక్కు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, లారీ కిందకి వెళ్లిపోయాడు. మళ్లీ బయటికి రాలేదు.

ఆయనకి వినపడలేదా, లేక పట్టించుకోలేదా? ఆ అనుమానంతోనే కారెక్కాను. పావుగంటలో తీరిపోయింది. వెనక నుంచి ఒక బస్సు హారన్ కొట్టింది. కుడివైపు నుంచి దాటబోతూ మళ్లీ కొట్టింది. మామగారు ఎదురుగా గుంత కనపడిందని స్టీరింగుని నిదానంగా కుడివైపు తిప్పారు. మూడోసారి హారన్ ఆపకుండా మోగింది, బ్రేకులు కీచుమన్నాయి, బస్సు మా తలల పక్కనుంచి గోడలా జారిపోయింది. కండక్టరు కిటికీలోంచి సగం బయటికొచ్చి మా ఏడు తరాలనీ పలకరించాడు.

"ఎందుకలా అరుస్తున్నాడు పాపం?" అన్నారు మామగారు.

"మన కారు నచ్చినట్టుందండీ."

ఆయన కండక్టరుకి చెయ్యి ఊపారు. ఒళ్లో దుప్పట్లని గట్టిగా పట్టుకున్నాను. నాకంతా అర్థమైపోయింది. నిన్నటినుంచి ఆయన నాతో మాట్లాడగలగడానికి కారణం నేను ఎడమపక్కన ఉండటమే. ఇంట్లో సోఫాలో కుడిచివర తప్ప కూర్చోరు. పీటలమీద మా ఆవిడ పక్కన నేను కూర్చున్ననాటి నుంచీ కాకపోయినా, ఈమధ్యనంతా ఆయన చోటు అదే. ఇంకెవరినీ స్టీరింగు ముట్టుకోనివ్వకపోవడం కారు మీద ప్రేమ ఒక్కటే కాదు. సీటు మారితే చెవి మారుతుంది.

సాయంత్రం మా ఆవిడ ఫోను.

"నాన్న డ్రైవింగు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే? మీరు బాగుందంటే తెలీదని, బాగానే ఉందంటే బాగాలేదని. ఏం జరిగింది?"

"ఏం జరగలేదు. ఒక బస్సు పక్కనుంచి వెళ్లింది."

"బస్సులు పక్కనుంచే వెళ్తాయిగా."

"అదే అంటున్నాను."

గదిలోకొచ్చేసరికి మామగారు నా మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద రెండో దుప్పటి పరిచి, చివరలు లోపలికి దోపుతున్నారు. "మీ అత్తయ్య అడుగుతుంది, పరుచుకున్నారా అని" అన్నారు. తలగడ సర్దుతూ, "అమ్మాయేనా ఫోను? ఏవంది?" అన్నారు.

"ఎలా ఉన్నారని అడిగిందండీ."

"మీరేవన్నారు?"

"బాగానే ఉన్నారన్నానండీ."

ఆయన తలూపారు. పెద్ద పరీక్షలో పాసయ్యావన్న మాట విన్నవాడిలా ఊపారు. నాకు ఆ దుప్పటి మీద పడుకోబుద్ధి కాలేదు. నేను మంచివాణ్ణని పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో పేరు. ఆ పేరు నిలబెట్టుకోడానికి రేపు ఆయన్ని ఒక బస్సు కిందకి పంపగలనని అప్పుడు తోచింది. ఎవరైనా నా బల్ల దగ్గరికొచ్చి ఈ సంగతి చెప్పుకుంటే ఏం చేసేవాణ్ణి? రాసుకునేవాణ్ణి.

మూడో రోజు ఘాట్ రోడ్డు. నలభై కిలోమీటర్ల ఎక్కుడు, అది దాటితే అంతా దిగుడే, సముద్రం దాకా. కారు మొదటి పది కిలోమీటర్లూ మూలుగుతూ ఎక్కింది. తర్వాత దగ్గుతూ ఎక్కింది. పద్దెనిమిదో మలుపులో ఢామ్మని ఒక్కసారి పేలి, అక్కడే కూలబడింది. నేను దూకి చక్రాల వెనక రాళ్లు పెట్టాను. రోడ్డుకి ఒకపక్క కొండ, ఒకపక్క పొట్టిగోడ, గోడ అవతల లోయ.

ఇంజను చల్లారేదాకా అరగంట గోడమీద కూర్చున్నాం. తర్వాత స్టార్టు చేస్తే లేచింది గానీ, చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది. మామగారు గొట్టం తీశారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఒక కార్బురేటరు దగ్గర పెట్టారు, రెండో దాని దగ్గర పెట్టారు, మళ్లీ మొదటి దాని దగ్గర. గొట్టం కొనని చెవిలో నొక్కి నొక్కి చెవి ఎర్రబడింది. స్క్రూడ్రైవరు చేతిలో ఉంది గానీ ఎటు తిప్పాలో తెలియక గాల్లోనే ఉంది.

"రెండూ ఒకటే కదండీ?" అని గొట్టం నాకిచ్చారు.

విన్నాను. అవసరం లేదు, అయినా విన్నాను.

"కాదండీ" అన్నాను.

ఆ మాట నా గొంతులోంచి వచ్చినట్టే లేదు. వెనక ఎవరో నిలబడి అన్నట్టుంది. వెనక లోయ తప్ప ఏమీ లేదు.

"ఏవన్నారూ?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెద్దాయన్ని కాదన్నాను, అదీ రెండుసార్లు అనవలసి వచ్చింది. ఆయన ఎడమ చెవి దగ్గరికి వెళ్లి అరిచాను. "కాదండీ! వెనకది ఎక్కువ పీలుస్తోంది! మొన్న సాయంత్రం నుంచీ అంతే!"

మామగారు ఇంజను ఆపేశారు.

"మొన్నటినుంచా? మరి ఒకటే అన్నారేం?"

"మీరు ఒకటే అన్నారు కదండీ."

"నేను ఒకటేనా అని అడిగాను."

"అడిగినట్టు లేదండీ. చెప్పినట్టుంది."

"తేడా ఉంటే మీరు చెప్తారుగా అనుకున్నాను."

"తేడా ఉంటే మీకు వినపడుతుందిగా అనుకున్నానండీ."

ఆయన గోడమీద కూర్చున్నారు. చాలాసేపు కారు వైపే చూశారు. "నేనన్నానని మీరు, మీరన్నారని నేను. రెండ్రోజులు మర్యాద మీద నడిపాం బండిని" అన్నారు. "అది మాత్రం ఎంతకని మోస్తుంది?"

నేను వెళ్లి ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఆ బుస నాకు వినపడి రెండేళ్లు దాటింది. అందుకే ఇన్నాళ్లూ ఆ స్క్రూ జోలికి పోలేదు. మొన్న మీ ముందు చెయ్యకపోతే బాగుండదని తిప్పాను." స్క్రూడ్రైవరుని ఒళ్లో అటూ ఇటూ దొర్లించారు. "మాటలు వినపడతాయి, ఎడమ పక్కనుంచి. లావు చప్పుళ్లు వినపడతాయి. సన్నవి పోయాయి. ముందు పిచ్చుకలు పోయాయి. ఊళ్లో పిచ్చుకలే లేవు కాబోలు అనుకున్నా. తర్వాత గడియారం. ఆ తర్వాత ఇది."

"అత్తయ్యగారికి తెలుసా అండీ?"

"దానికి చెప్తే వీధికి చెప్పినట్టే. రేపు ఎవడో మిక్సీ పట్టుకొస్తాడు, వాడికేం చెప్పను?"

"మరి ఈ రెండేళ్లూ ఏం చెప్పారండీ?"

"బేరింగు అన్నాను. పదింట్లో ఏడు బేరింగే ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, కుదర్లేదు. ఆయన నా వైపు కోపంగా చూసి, తనూ నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, లేచి ఇంజను స్టార్టు చేశారు.

"రా. నువ్వు విను, నేను తిప్పుతాను."

పంతొమ్మిదేళ్ల 'మీరు' అక్కడ ఊడిపోయింది. ఆయన గమనించలేదు. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

ముందుదాన్ని కదపొద్దన్నారు, దాన్ని కొలతగా పెట్టుకోమన్నారు. ఇంజను చప్పుడులో నా మాట వినపడదు కాబట్టి చేత్తో చెప్పాలి. వెనకది ఎక్కువగా ఉంటే వేలు కిందికి, తక్కువైతే పైకి. వేలు కిందికి చూపించాను. ఆయన వెంట్రుకవాసి తిప్పారు. మళ్లీ ముందుది విన్నాను, మళ్లీ వెనకది. కిందికి. ఇంకా కిందికి. పైకి, కొంచెం.

మధ్యలో ఆయన నా చెయ్యి పట్టి ఆపారు. ఎడమ చెవి నా నోటికి దగ్గరగా తెచ్చారు. "ఎలా ఉంది చెప్పు."

"ముందుది పసిపిల్ల ఊపిరిలా ఉందండీ."

"గురక లేకుండానా?"

"గురక లేదండీ."

"వెనకది?"

"ఇందాక టీ జుర్రుతున్నట్టుండేది. ఇప్పుడు టీ మీద ఊదుతున్నట్టుంది."

"అంచున గరగర ఉందా? సన్నగా, పట్టుబట్ట చించినట్టు?"

మళ్లీ విన్నాను. ఉంది. ఆయన చెప్పేదాకా నాకు వినపడలేదు. "ఉందండీ!"

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ గరగర తన చెవిలోనే ఉన్నట్టు తల కాస్త వంచారు. "అది పోవాలి" అన్నారు. పాతికో వంతు మలుపు తిప్పారు. గరగర పోయింది. గొట్టం ముందుదానికి మార్చాను, వెనకదానికి మార్చాను. ఇద్దరు పసిపిల్లలు. ఎవరి ఊపిరి ఎవరిదో చెప్పలేను.

"ఒకటేనండీ" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానండీ."

ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశారు. వణుకు లేదు. గొట్టాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టి, చేతులు తుడుచుకుని, మామూలుగా స్టీరింగు వైపు నడిచారు.

అప్పుడు అర్థమైంది, ఇందాక నేనన్న 'కాదు' సులువైనదని. అది కార్బురేటరుని అన్నది.

"మామయ్యగారూ" అన్నాను. ఆగలేదు. నేను ఆయనకి కుడిపక్కన ఉన్నాను. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "నిన్న ఆ కండక్టరుకి మన కారు నచ్చలేదండీ. బస్సు మూడుసార్లు హారన్ కొట్టింది. మీరు దానికి అడ్డం తిప్పారు."

ఆయన చెయ్యి తలుపు మీద ఉంది.

"మూడుసార్లా?"

"మూడోసారి చాలాసేపు కొట్టాడండీ."

"నేను చెయ్యి ఊపాను."

"అవునండీ."

కిందినుంచి ఒక లారీ ఎక్కుతూ వచ్చి, మమ్మల్ని దాటి పైకి వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా ఆయన దాన్నే చూశారు. "అమ్మాయికి చెప్పావా?"

"లేదండీ."

"చెప్తావా?"

ఇక్కడ నాకు అలవాటైన మాటలేవీ పనికిరావు. "మీరు నడిపితే ఇక నేను ఎక్కనండీ" అన్నాను. "మిమ్మల్నీ ఎక్కనివ్వను. ఆ తర్వాత మీ ఇష్టం."

ఎక్కనివ్వను అని ఎలా అన్నానో తెలీదు. ఆయన నాకంటే లావు. తోసేస్తే లోయలో పడేది నేనే.

ఆయన తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. బొటనవేలితో ఆకుపచ్చ రంగు మీది ఒక గీతని రుద్దారు. అది గేటుకి రాసుకున్న గీత. ఎంత రుద్దినా అది పోదని ఆయనకి తెలుసు. తర్వాత నెమ్మదిగా కారు ముందునుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకెళ్లి, నా సీటులోని దుప్పట్లు ఒళ్లోకి తీసుకుని కూర్చున్నారు.

"క్లచ్చు గట్టిగా ఉంటుంది" అన్నారు. "తన్నకు. తొక్కు."

నేను తన్నాను. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి కదిలింది. నేను ఆఫీసుకి నడుపుకెళ్లే చిన్న కారు గేరు చిటికెనవేలికి పడుతుంది, దీనికి భుజం కావాలి. మలుపులో ఏ గేరులో ఉండాలో నాకు అంతుపట్టలేదు. మామగారు సీటులో పూర్తిగా నా వైపు తిరిగిపోయారు. బస్సులో కిటికీ సీటు దొరికిన పిల్లాడు బయటికి తిరిగినట్టు, ఆయన లోపలికి తిరిగారు, ఎడమ చెవి నాకు అందేలా. అరచెయ్యి రెండు సీట్ల మధ్య గేరుపెట్టె మీద ఆనించి ఉంచారు.

"ఇప్పుడు మార్చు" అన్నారు.

మార్చాను. ఏ చప్పుడూ లేకుండా పడింది.

"ఎలా తెలిసిందండీ?"

"చేతికి తెలుస్తుంది. ముందుకి చూడు."

కొండమీద విశాలమైన మలుపులో ఇంజను చల్లార్చడానికి ఆపాం. నేను చక్రాల నట్లమీద సుత్తితో కొడుతుంటే నా ఫోను మోగింది. ఆయన తీశారు. ఎడమ చెవికి పెట్టుకున్నారు.

"నేనేనమ్మా. లేదు, మీ ఆయన సుత్తి పట్టుకున్నాడు... బాగున్నాం. విను. నాకు చెవులు పోయాయి. రెండేళ్లయింది... కళ్లు కాదు, చెవులు... నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఏడవకు. ఏడిస్తే నాకు మాటలు కలిసిపోతాయి... ఆఁ. నేను నడపట్లేదు. మీ ఆయన నడుపుతున్నాడు."

కాసేపు విన్నారు. నా వైపు చూశారు.

"లేదమ్మా" అన్నారు. "అస్సలు బాగా నడపట్లేదు. క్లచ్చుని తంతాడు... నిజంగానే చెప్తున్నాను. నేను పక్కనే ఉన్నాలే, చెప్తున్నా... తాళమా? తాళం అతని దగ్గరే ఉంది. నువ్వు అడుగు, ఇస్తాడో లేదో నాకేం తెలుసు."

ఫోను నాకిచ్చారు. మా ఆవిడ ముక్కు చీదుకుంటోంది. "ఏవండీ, తాళం తెచ్చి నాకిస్తారా?"

"ఇవ్వను" అన్నాను. "నేను విని, ఆయన తిప్పితేనే అది నడుస్తుంది. మళ్లీ మూడేళ్లకి రావాలి."

అటువైపు ముక్కు చీదడం ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాట ఆవిడకీ కొత్తే.

దిగుడులో మామగారు మూడో గేరు అన్నారు. రెండే ఉంచుతానండీ, వాలు ఎక్కువగా ఉంది అన్నాను. ఇంజను వేడెక్కుతుందన్నారు. బ్రేకులు వేడెక్కుతాయండీ అన్నాను. అరవై ఏళ్లుగా ఆ బ్రేకులకి ఏం కాలేదన్నారు. అరవై ఏళ్లలో పన్నెండేళ్లు అందులో కోళ్లున్నాయండీ అన్నాను. ఆయన దుప్పటి మడతలు సర్దుకుని, "నీకు ఇంత నోరుందని అమ్మాయి ఎప్పుడూ చెప్పలేదే" అన్నారు. సముద్రం కనపడేదాకా ఆ గేర్ల దగ్గర మా ఇద్దరికీ పడలేదు.